పసుపు పానా వెలిగింది: మీటరు బోర్డు లెక్క వేరు, డెల్టా లెక్క వేరు

మా పిన్ని కోనసీమలో అంబాజీపేట పక్కన ఒక ఊళ్లో టీచరు. ఇంటి నుంచి బడికి 4 కిలోమీటర్లు, అంతా కాలవ గట్టు రోడ్డే. ఇన్నేళ్లూ స్కూటీ మీద తిరిగి, మోకాళ్లు మొరాయించాక చిన్న పెట్రోలు కారు కొనుక్కుంది. మొన్నొక సోమవారం పొద్దున్న తాళం తిప్పేసరికి మీటరు బోర్డు మీద పసుపు రంగులో పానా గుర్తు వెలిగింది. మిగతా దీపాలు వెలిగి ఆరిపోయాయి గాని, ఇది మాత్రం ఆరలేదు. ఆవిడ కారుని వాకిట్లోనే వదిలేసి, ఆటోలో బడికి పోయి, ఇంటర్వెల్లో నాకు ఫోన్ చేసింది.

“ఏరా, కిందటి సర్వీసు నుంచి 2,400 కిలోమీటర్లే తిరిగింది. పదివేలకి కదా సర్వీసన్నారు? మరి ఈ పానా ఏంటి?”

నాకన్నా ముందే ముగ్గురు సలహాదార్లు తయారయ్యారు. పక్కింటి మేష్టారు “అది మామూలేనమ్మా, పట్టించుకోకండి” అన్నారు. రోడ్డు చివర షెడ్డు కుర్రాడు “స్కానర్ పెట్టి చూడాలండి” అన్నాడు. కువైట్ నుంచి మా బావ వాట్సాప్‌లో “అత్తయ్యగారూ, స్టార్టు చెయ్యకండి, ఇంజను సీజ్ అయిపోద్ది” అని వాయిస్ మెసేజీ పెట్టాడు.

విచిత్రం ఏంటంటే ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరూ ఒక్కో దీపం గురించి చెప్పారు. పిన్ని బోర్డు మీద వెలిగింది మాత్రం ఒకటే. ఈ మూడింటినీ కలిపేయడం దగ్గరే తిరకాసంతా ఉంది.

కాలవ కట్టే తేదీ, గోదారి మట్టం

డెల్టావాళ్లకి దీన్ని నీళ్ల భాషలో చెప్తే తేలిక. ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు. గట్టు తెగిందని కట్టరు, లాకు తలుపు విరిగిందని కట్టరు. దాళ్వా పంట అయిపోయింది, పూడిక తియ్యాలి, షట్టర్లు చూసుకోవాలి, అనుకున్న తేదీ వచ్చింది, కట్టేశారు. ఆ తేదీ కాలవ లోతు కొలిచి పెట్టింది కాదు.

వరద సంగతి అలా కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అక్కడ కొలబద్ద నీళ్లలోనే నిలబడి ఉంటుంది. 2022 జూలైలో మూడో హెచ్చరిక ఇచ్చినప్పుడు లంకల్లో వాళ్లు క్యాలెండరు చూసుకుని గొడ్లని గట్టెక్కించలేదు.

మీటరు బోర్డు మీద దీపాలదీ అదే సంగతి. కొన్ని తేదీ దీపాలు, కొన్ని మట్టం దీపాలు. ఆయిల్ ప్రెషరు, ఇంజను వేడి, బ్రేకు, బ్యాటరీ చార్జింగు ఇవన్నీ మట్టం దీపాలు. ఎక్కడో ఒక సెన్సారు దేన్నో కొలిచి, తేడా కనిపించి, వైరు గుండా కబురు పంపితేనే వెలుగుతాయి. పసుపు పానా చాలా కార్లలో తేదీ దీపం. కిందటిసారి సున్నా చేసిన దగ్గర్నుంచి ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఎన్ని రోజులు గడిచాయి అని లోపల ఒక చిన్న లెక్క నడుస్తుంటుంది. గడువు పూర్తయ్యాకో, పూర్తయ్యేందుకు కాస్త ముందో దీపం వెలుగుతుంది. దానికి ఇంజన్లోకి చూపు లేదు. ఆయిలు నల్లబడిందా, పల్చబడిందా, అసలు ఉందా లేదా, ఏమీ తెలీదు. నిన్న ఆయిలు మార్చి లెక్క సున్నా చెయ్యకపోతే ఇవాళ వెలుగుతుంది. ఆయిలు మార్చకుండా సున్నా చేసేస్తే ఇంకో ఏడాది నోరు మూసుకుని కూర్చుంటుంది.

పిన్ని ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. మన దేశంలో అమ్మే పెట్రోలు కార్లలో చాలావాటికి గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. అమ్మేటప్పుడు మొదటి అంకె గట్టిగా చెప్తారు, మనకీ అదే గుర్తుంటుంది. పిన్ని కారు పదివేలు తిరగలేదు గాని ఏడాది నిండింది. కొన్ని కార్లలో దీపం కిలోమీటర్లే చూస్తుంది, రోజులు చూడదు. అలాంటి కారు పిన్ని చేతిలో ఉంటే నాలుగేళ్లదాకా పానా వెలగదు. అది ఇంకా ప్రమాదం. ఎందుకో తర్వాత చెప్తాను.

బావ భయపడింది ఏ దీపానికి

ఎరుపు రంగులో, అల్లావుద్దీన్ దీపంలా ఉండి ముక్కు చివర చుక్క కారుతున్న గుర్తు ఒకటుంది. అది పాతకాలం ఆయిలు క్యాను బొమ్మ. మా బావ చెప్పింది దీని గురించి. ఆయిలు మార్చే టైము అయిందని కాదు దాని అర్థం, ఆయిలు ప్రెషరు పడిపోయిందని. ఇంజన్లో తిరిగే క్రాంకుకీ దాన్ని మోసే బేరింగులకీ మధ్య ఉండేది సన్నని ఆయిలు పొర ఒక్కటే. పంపు తోసినంతసేపే ఆ పొర నిలుస్తుంది. తొయ్యడం ఆగితే లోహం లోహాన్ని రాసుకుంటుంది, ఆ తర్వాత నిమిషాల మీద బేరం. నడుస్తుండగా ఇది వెలిగితే పక్కకి తీసి ఇంజను ఆపెయ్యడమే. “ఇంటిదాకా నెమ్మదిగా పోదాం” అనుకున్నవాళ్లే షెడ్డులో ఇంజను బోరు చేయించుకుంటుంటారు.

ఈ క్యాను గుర్తుని చాలామంది “ఆయిలు మార్పించాల్సిన లైటు” అనుకుంటారు. నా లెక్కన మీటరు బోర్డు మీద ఇంతకంటే ఖరీదైన పొరపాటు ఇంకోటి లేదు. మనవాళ్ల తప్పు కూడా కాదు. ఒక గుర్తు ఆయిలు ప్రెషరుకి, ఇంకోటి ఆయిలు గడువుకి, రెంటికీ ఆయిలు మాట ఉమ్మడి అయ్యేసరికి ఎవరైనా తికమకపడతారు.

షెడ్డు కుర్రాడు చెప్పింది ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం గురించి. మనవాళ్ల భాషలో చెక్ లైటు. పొగలోకి వెళ్లే విషవాయువులకి సంబంధించిన సెన్సారు, స్పార్కు ప్లగ్గు, ఇంజెక్టరు లాంటివాటిలో తేడా వస్తే ఇంజను కంప్యూటరు ఒక కోడు రాసిపెట్టుకుని ఇది వెలిగిస్తుంది. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టుకి స్కానరు తగిలిస్తే ఆ కోడు బయటికొస్తుంది. నిలకడగా వెలుగుతుంటే ఆ వారంలో చూపించుకోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఏదో సిలిండరు సరిగ్గా మండట్లేదని. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. ఆ భాగం చాలా ఖరీదు.

రంగు గుర్తుంటే సగం గొడవ తీరిపోతుంది. ఎరుపు అంటే ఆపు, పసుపు అంటే చూపించు, ఆకుపచ్చ, నీలం అంటే ఫలానాది నడుస్తోందని చెప్పడమే. ఈ బొమ్మలకి ఐఎస్ఓ 2575 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందుకే ఏ దేశం కారైనా ఆయిలు క్యాను ఒకేలా ఉంటుంది.

అయితే పానా దగ్గరే ఆ పెద్దమనుషుల ఒప్పందం కాస్త సడలింది. హోండాలో పసుపు పానా అంటే సర్వీసు దగ్గరపడిందని. ఫోర్డులో అదే పసుపు పానా ఇంజను, గేరుబాక్సు, థ్రాటిలు వ్యవస్థలో లోపం ఉందని చెప్పే దీపం, అంటే మట్టం దీపం. ఆ కంపెనీ మన దేశంలో 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినా ఆ పాత బళ్లు కోనసీమ రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. “మా అన్నయ్య కారులో వెలిగితే సర్వీసేనన్నారు” అని తన కారులో పానాని గాలికొదిలేసినవాడు ఏ చించినాడ వంతెన మీదో బండి బలం చచ్చి నిలబడతాడు. అందుకని పక్కవాళ్ల కారు అనుభవం పనికిరాదు. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడున్న పుస్తకంలో ఆ కారు పానా అర్థం రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ చాలు.

అన్ని లెక్కలూ ఒకటి కావు

తేదీ దీపాల్లోనూ తెలివితక్కువవీ తెలివైనవీ ఉన్నాయి. అమెరికా టయోటాల్లో ఇంగ్లీషులో “మెయింటెనెన్స్ రిక్వైర్డ్” అని పొట్టి అక్షరాల్లో వెలిగే దీపం ఒకటుంది. 4,500 మైళ్లకి కొట్టుకోవడం మొదలెట్టి, 5,000 మైళ్లకి నిలకడగా వెలుగుతుంది. అంటే దాదాపు 8,000 కిలోమీటర్లు. అది ఉత్త లెక్క. మీరు ఎడారిలో నడిపినా, ఏసీ గ్యారేజీ నుంచి ఏసీ గ్యారేజీకి నడిపినా దానికి ఒకటే.

జనరల్ మోటార్స్ వాళ్లు 1980ల చివర్లో ఇంకో దారి తొక్కారు. ఇంజను ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అన్నవి కంప్యూటరుకి ఎలాగూ తెలుస్తాయి. వాటిని బట్టి ఆయిలు ఎంత అరిగి ఉంటుందో అంచనా కట్టి శాతంలో చూపించడం మొదలెట్టారు. హోండా కూడా ఇదే తోవలో, ఆయిలు ఆయుష్షు 15 శాతానికి దిగగానే పానా వెలిగించే ఏర్పాటు కొన్ని దేశాల్లో అమ్మే కార్లలో పెట్టింది. ఇవి మెరుగైన లెక్కలే. అయినా లెక్కలే. ఆయిల్లో వేలు ముంచి చూసినవి కావు. లీకయి సగం ఆయిలు నేలపాలైనా ఆ శాతం ఏమీ మారదు.

మన వీధుల్లో తిరిగే కార్లలో ఎక్కువ భాగం మొదటి రకమే, కిలోమీటర్లూ రోజులూ లెక్కపెట్టేవి. కాబట్టి మిగతా తెలివి మనమే పెట్టుకోవాలి.

ఎవరి పదివేలు?

మా ఊళ్లో ఒక ట్యాక్సీ ఉంది. రాజమండ్రి ఎయిర్‌పోర్టు, విశాఖ, హైదరాబాదు, ఇదే దాని పని. రెండు నెలల్లో 10,000 కిలోమీటర్లు తిరిగేస్తుంది. పిన్ని కారు ఏడాదికి 2,400. ఎవరి ఇంజను ఆయిలు ఎక్కువ పాడై ఉంటుందంటే పదిమందిలో తొమ్మిదిమంది ట్యాక్సీ అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు తయారవుతాయి. నమ్మబుద్ధి కాదు గాని నిజం. పెట్రోల్లో ఉన్న హైడ్రోజను గాలిలో ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీళ్లేగా. శీతాకాలం పొద్దున్నే సైలెన్సరు చివర నుంచి చుక్కలు కారడం చూసే ఉంటారు, అవి అవే. చాలాభాగం ఆవిరై బయటికి పోతుంది. కొంచెం మాత్రం పిస్టను రింగుల పక్కనుంచి జారి కిందున్న ఆయిలు తొట్టిలోకి దిగుతుంది. ఇంజను బాగా కాగి ఉంటే ఆ నీరు మళ్లీ ఆవిరై, గాలి గొట్టం గుండా వెళ్లిపోతుంది. కాగకపోతే అక్కడే ఉండిపోయి ఆయిలుతో చిలకబడుతుంది.

ఇక్కడే మీటరు ముల్లు మనల్ని మోసం చేస్తుంది. అయిదు నిమిషాల్లో ముల్లు మధ్యకొచ్చేస్తే ఇంజను కాగిందనుకుంటాం. ఆ ముల్లు చూపించేది కూలెంటు వేడిని, అంటే ఇంజన్ని చల్లబరిచే నీళ్ల వేడిని. ఆయిలు అంతకంటే నెమ్మదిగా కాగుతుంది. పిన్ని 4 కిలోమీటర్లు గట్టు మీద పోయి కారు ఆపేసరికి దాని ఆయిలు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. సాయంత్రం చల్లారిన ఇంజన్తో మళ్లీ అదే తంతు. చల్లటి ఇంజన్లోకి పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది కంప్యూటరు. అందులో కాలనిది సిలిండరు గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. అంటే ఆయిలు ఒకపక్క నీళ్లతో చెడుతుంది, ఇంకోపక్క పెట్రోలుతో పల్చబడుతుంది.

2,400 కిలోమీటర్లని నాలుగుతో భాగిస్తే 600. ఏడాదిలో 600 సార్లు చల్లటి ఇంజను స్టార్టు చేసి, కాగేలోపు ఆపేసినట్టు. ట్యాక్సీవాడు పదివేల కిలోమీటర్లలో అందులో పావు వంతైనా చల్లటి స్టార్టులు చేసి ఉండడు. వాడి ఆయిలు గంటల తరబడి కాగి, నీరంతా వదిలించుకుని శుభ్రంగా పనిచేస్తుంది. వాడి పదివేలు నిఖార్సైన పదివేలు.

కిలోమీటర్ల లెక్కకి ఇంకో గుడ్డితనం ఉంది. కారు నిలబడి ఉంటే కిలోమీటరు తిరగదు, ఇంజను తిరుగుతూనే ఉంటుంది. శనివారం వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు వారాల మొక్కుకి వెళ్లినవాళ్లకి ఆ రోడ్డు సంగతి తెలుసు. ఏసీ వేసుకుని బండి స్టార్టింగులో ఉంచి గంట నిలబడ్డారనుకోండి. స్టార్టింగులో నిమిషానికి ఓ 800 చుట్లు, గంటకి 48,000. చిన్న కారు 60 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు నిమిషానికి సుమారు 2,000 చుట్లు తిరుగుతుంది, అంటే కిలోమీటరుకి 2,000. ఆ గంట 24 కిలోమీటర్ల తిరుగుడుకి సమానమన్నమాట. మీటరులో మాత్రం సున్నా.

అసలు ఇంజను ఆయుష్షుని గంటల్లో కొలవాలని మన రైతుకి ఎప్పుడో తెలుసు. ట్రాక్టరు మీద ఉండేది గంటల మీటరు. కోత మిషనుకీ అంతే. భీమవరం పక్క రొయ్యల చెరువు గట్టు మీద జనరేటరు అంగుళం కదలదు, దాని ఆయిలు గంటల లెక్కనే మారుస్తారు. పొలంలో గంటలు చూసే మనిషే కారు ఎక్కగానే కిలోమీటర్లు చూస్తాడు. గంటకి సగటున 40 కిలోమీటర్ల చొప్పున 10,000 కిలోమీటర్లంటే 250 గంటలు. లంక రోడ్ల మీద, బజార్లో, రేవులో పంటు కోసం ఎదురుచూస్తూ సగటు 20కి పడిపోయిందనుకోండి, అదే 250 గంటలు 5,000 కిలోమీటర్లకే అయిపోతాయి.

కారుతో ఇచ్చే పుస్తకంలో వెనకవైపు “కఠిన పరిస్థితుల్లో” అని ఇంకో పట్టిక ఉంటుంది. ఎవరూ ఆ పేజీ తియ్యరు. కఠిన పరిస్థితులంటే లడఖ్ కొండలో, థార్ ఎడారో అనుకుంటారు. అక్కడ రాసి ఉండేవి ఏంటంటే: మాటిమాటికీ తక్కువ దూరాలు నడపడం, ఎక్కువసేపు స్టార్టింగులో ఉంచడం, దుమ్ము రోడ్లు, బురద రోడ్లు, ఉప్పుగాలి. కోనసీమని చూసి రాసినట్టే ఉంటుంది. ఆ పట్టికలో చాలా కంపెనీలు ఆయిలు గడువుని సగానికో, దాని దగ్గరికో తగ్గిస్తాయి. మీటరు బోర్డులో ముందే పెట్టి ఉన్న లెక్క మాత్రం మామూలు పట్టికదే.

ఇక ఆయిలు ఒక్కటేనా? సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద నూర్పిడి దుమ్ములోంచి రోజూ తిరిగిన కారు ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపి చూడండి, దీపం చెప్పని కథ అక్కడుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు కార్లకి కింది భాగం తుప్పు. సీఎన్జీ బళ్లకి మూడేళ్లకోసారి సిలిండరు హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలి, దానికి ఏ పానా వెలగదు. వరదలప్పుడు కనకాయలంక కాజ్‌వే లాంటి చోట నీళ్లలో దింపి తీసిన బండి గేరు ఆయిలూ ఇంజను ఆయిలూ పాలు కలిపిన కాఫీ రంగుకొస్తే నీరు చేరినట్టు. ఆ రంగు కనపడితే బండి స్టార్టు చెయ్యకుండా కట్టి లాక్కెళ్లాలి. మీటరు బోర్డు అప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది.

కదలని కారు

కోనసీమలో ఇంకో రకం కార్లున్నాయి. యజమాని కువైట్లోనో, మస్కట్లోనో ఉంటాడు. కారు ఇంటి ముందు రేకుల కింద కవరు కప్పుకుని పడుంటుంది. నెల రోజుల సెలవుకి వచ్చినప్పుడు కవరు తీస్తే పానా వెలుగుతుంది. మా బావ ప్రతిసారీ “కదలని కారుకి సర్వీసేంటి, దోపిడీ కాకపోతే” అంటాడు.

దోపిడీ కాదు. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకునే రకం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. కారు నడిచినా నడవకపోయినా తేమ పడుతుంది, మన గాలిలో తేమకి కరువా? గట్టిగా పదే పదే బ్రేకు వేసినప్పుడు ఆ ఆయిలు మరిగి బుడగ కట్టిందంటే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు దీన్ని రెండేళ్లకోసారి మార్చమంటాయి. బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. టైర్లు ఒకేచోట బరువు మోసి అక్కడ చదునుపడతాయి. ఎలుకల సంగతి నేను చెప్పక్కర్లేదు, కొబ్బరితోట పక్కన కారు పెట్టిన ప్రతివాడికీ ఒక వైరు కథ ఉంటుంది.

ఇంటివాళ్లు వారానికోసారి కారు “స్టార్టు చేసి పది నిమిషాలుంచి” ఆపేస్తుంటారు. మంచి ఉద్దేశమే. కానీ పైన చెప్పిన నీళ్ల లెక్క ప్రకారం అది ఇంజనుకి వారం వారం కాసిన్ని నీళ్లు పట్టడమే. రెండు వారాలకోసారి అరగంట పైగా రోడ్డెక్కిస్తే దానికన్నా నయం.

డీజిలు బళ్లవాళ్లకి ఒక్క ముక్క. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ తప్పనిసరిలా అయిపోయింది. ఆ మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చి శుభ్రం చేసుకోవాలంటే కాసేపు నిలకడగా వేగం కావాలి. గట్టు రోడ్ల మీద ఆ వేగం దొరకదు. శుభ్రం కావడం మధ్యలో ఆగినప్పుడల్లా ఆ వేడి కోసం అదనంగా పోసిన డీజిలు ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు మట్టం చూసే గేజీ పుల్ల తీస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగి కనపడుతుంది. పెరిగిందని సంతోషించకండి. డీపీఎఫ్ దీపం పానా కాదు, చెక్ లైటూ కాదు. అది వెలిగితే పుస్తకంలో చెప్పినట్టు హైవే ఎక్కించాలి.

సున్నా కొట్టడం

లెక్క సున్నా చెయ్యడం చాలా కార్లలో రెండు నిమిషాల పని. ట్రిప్పు మీటరు బొడిపె నొక్కిపట్టి తాళం తిప్పడమో, స్టీరింగు మీద బటన్లతో మెనూలోకి వెళ్లడమో. కారుని బట్టి మారుతుంది. బ్యాటరీ వైరు తీసి పెడితే పోతుందని కొందరు చెప్తారు, సాధారణంగా పోదు. ఆ అంకె కరెంటు లేకపోయినా చెరగని చోట రాసి ఉంటుంది. మామూలు స్కానరుతో కోడు చెరిపినా చెక్ లైటు ఆరుతుంది గాని పానా ఆరకపోవచ్చు. రెండూ వేర్వేరు పుస్తకాల్లో రాసిన లెక్కలు.

ఇంత తేలిక కాబట్టే దీన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. బయట షెడ్డుల్లో ఆయిలు మారుస్తారు, సున్నా కొట్టడం మర్చిపోతారు. అప్పుడు దీపం తొందరపడుతుంది, డబ్బు దండగ. దీనికి తిరగబడింది ఇంకా చేటు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు బోర్డు మీద ఏ దీపమూ లేదని మురిసిపోతాం. దీపం లేకపోతే సర్వీసు జరిగినట్టు కాదు, ఎవరో బొడిపె నొక్కినట్టు. నేను కొన్న మొదటి పాత కారు అలాంటిదే. మీటరు బోర్డు కడిగిన పళ్లెంలా ఉంది, గేజీ పుల్లకి అంటుకున్నది మాత్రం తారు. అమ్మినాయన్ని అడిగితే “లైటు రాలేదు కదండీ” అన్నాడు.

గేజీ పుల్ల తీసి చూడ్డం మన తాతల ట్రాక్టరు కాలం నాటి విద్య. చదునైన చోట బండి ఆపి, ఇంజను ఆపాక కొన్ని నిమిషాలాగి, పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. నల్లగా ఉందని భయపడక్కర్లేదు. మసిని తనలో కలుపుకుని తిరగడమే మంచి ఆయిలు పని, డీజిల్లో అయితే మార్చిన నాలుగు రోజులకే నల్లబడుతుంది. పెట్రోలు వాసన కొడుతోందా, మట్టం పెరిగిందా తగ్గిందా, పాలరంగు వచ్చిందా అన్నవి చూడాలి.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికెళ్లి నేను చేసింది ఇదే. పుల్ల మీద ఆయిలు రెండు గీతల మధ్యే ఉంది, రంగూ పర్వాలేదు. ఆయిలు పోసే మూత తిప్పి తీశాను. మూత లోపలివైపు లేత పసుపు మీగడ, వేలితో తీస్తే వచ్చేంత. పిన్ని వంగి చూసి “ఇదేంట్రా, వెన్నలా ఉంది” అంది. 600 స్టార్టుల నీళ్లు, పిన్నీ అన్నాను. 2,400 కిలోమీటర్లకే సర్వీసేంటని పొద్దున్న గొడవ పడ్డ మనిషి ఇక మాట్లాడలేదు.

శనివారం ఆయిలూ ఫిల్టరూ మార్పించాం. కారు ఇంకా వారంటీలో ఉంది కాబట్టి బయట షెడ్డుకి పోకుండా కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లి బిల్లు దాచాం. అక్కడి కుర్రాడు బొడిపె నొక్కి పానా ఆర్పేసినప్పుడు పిన్ని పక్కనే నిలబడి చూసింది. “ఇంతేనా? ఇంతోటిదానికా నేను ఆటో ఎక్కాను?” అంది. ఇంటికొచ్చి గోడ మీద క్యాలెండరులో, పాల లెక్క పక్కన, తేదీ, కిలోమీటర్లు రాసుకుంది. ఆరు నెలల తర్వాతి పేజీ తిప్పి అక్కడా ఒక గుండ్రం చుట్టింది.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే కారులో ఉన్నానంది. ఎక్కడికంటే ఆత్రేయపురం, పూతరేకులకి.

“అంబాజీపేటలో దొరకవా పిన్నీ?”

“దొరుకుతాయిరా. ఆయిలు కాగొద్దూ?”